గునుగుపువ్వు – నేల ధర

మన ప్రబంధకవుల ఉద్యానవర్ణనల్లో మల్లె, మొల్ల, సంపెంగ, పొగడ పూస్తాయి. తోటమాలి నీళ్ళు పోసి పెంచిన పూలవి. ఎవరూ నీళ్ళు పోయని పూలతో తెలంగాణ స్త్రీలు ఒక కళనే నిర్మించుకొన్నారు. అదే బతుకమ్మ. దానిని పండుగగా కీర్తించినవారు చాలామందే వున్నారుగాని, దాని ముడిసరుకు యే నేలలోదని అడిగినవారు తక్కువ.

గునుగు జొన్నచేలో కలుపు. కూలిస్త్రీ వానకాలమంతా పీకిపారేసే మొక్కే అది. పీకగా గట్లమీద మిగిలిన వెండికంకులను భాద్రపదం చివర కోసి, కట్టలుకట్టి, కొసలు సమంగా కత్తిరించి, రంగుల్లో ముంచుతారు. తంగేడును పశువులు ముట్టవు. కనుకనే బీడులో బతికింది. దాని చెక్కతో తోళ్ళు పదునుచేసినవారిని వూరవతల వుంచిన సమాజమే దాని పువ్వును తెచ్చి గౌరమ్మ చెంత పెట్టుకొన్నది! యీ వైరుధ్యాన్ని మన పండుగ వ్యాసాలు ముట్టుకోవు. తాంబాళంలో గుమ్మడాకు పరచి, వరసమీద వరస పేర్చి గోపురంగా లేపి, చివరకు చెరువులో వదిలే యీ శిల్పంమీద యెవరి సంతకమూ వుండదు. సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) పల్లెబతుకును బొమ్మల్లోకి తెచ్చినప్పుడు బతుకమ్మకూ అక్కడ చోటు దొరికింది.

యిక, యీ బీడుపూలకు నగరంలో పట్టిన గతికి రాయదుర్గమే సాక్ష్యం. రెవెన్యూ కాగితాల్లో ఆ పేరుకు పన్మక్తా, నవ్‌ఖాల్సా, పాయగా అని తోకలున్నాయి. పాయగా అంటే అమీరులది, ఖాల్సా అంటే సర్కారుది. దున్నినవాని పేరు ఒక్క తోకలోనూ లేదు. అయినా నాగలి దిగని రాళ్ళగుట్టల నడుమ తంగేడు బతకడానికి యెవరి పట్టా అక్కరలేకపోయింది. 1998లో పక్కనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. తర్వాత గుట్టలు ఒక్కొక్కటే పేలాయి. 2014లో రాష్ట్రం యేర్పడగానే బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పమయింది. 2025 అక్టోబరులో, సద్దుల బతుకమ్మ ముగిసిన కొద్దిరోజులకే, రాయదుర్గంలో సర్కారు భూమి వేలంలో ఎకరా 177 కోట్లు పలికింది. ఆ ధరగల నేలలో కలుపుమొక్కకు చోటెక్కడ?

ఇప్పుడు నగరానికి గునుగు జిల్లాలనుంచి మూటల్లో వస్తుంది. చాలకపోతే బంతి వున్నదికదా అంటారు. బంతి మెక్సికోనుంచి వచ్చిందని నాకేమీ ఆక్షేపణ లేదు. కాని అది పండించి అమ్మే పువ్వు, డబ్బున్నవారి బతుకమ్మే దానితో యెత్తు పెరుగుతుంది. పల్లెలో సయితం కలుపు తీసే చేతులకు బదులు కలుపుమందు దిగింది. పేవుమెంటుమీద కట్టలు పరుచుకొని కూర్చున్న స్త్రీలు ఆ గునుగును యే గట్టున కోసుకు వస్తున్నారో, ఆ గట్టు యిప్పుడు యెవరి పట్టాలో వున్నదో మన కళాచరిత్రకారులు వారినే అడిగి రాసుకోవలసి వున్నది.