జువ్వకు పుల్ల ఎంతుండాలి

మా చినతిరుపతిలో దీపావళికి మామయ్య తారాజువ్వలు కట్టేవాడు. మందు కూరడం కంటే పుల్ల దగ్గరే ఎక్కువసేపు కూర్చునేవాడు. కట్టిన జువ్వను వేలిమీద ఆనించి బరువు ఎటు తూగుతుందో చూసేవాడు. పుల్ల పొట్టిదైతే జువ్వ గిరగిరా తిరిగి ఎవరి పూరింటి మీదో పడుతుంది.

1990లో దూరదర్శన్‌లో టిప్పు సుల్తాన్ సీరియల్ వచ్చింది. భగవాన్ గిద్వానీ నవల ఆధారంగా తీసిన కల్పన అని తెరమీదే చెప్పారు. మంచి పని. కథ కల్పించుకోవచ్చు, ఆయుధాన్ని మాత్రం మార్చకూడదు. టిప్పు సేన వాడిన మైసూరు రాకెట్ గొప్పతనమంతా దాని ఇనప గొట్టంలో ఉంది. కాగితం, వెదురు గొట్టాలు పగిలిపోయే ఒత్తిడిని ఇనుము తట్టుకుంది. అందుకే మందు గట్టిగా దట్టించగలిగారు, అది కిలోమీటరు దాకా పోయింది. వెనక మన జువ్వకున్నట్టే వెదురు కర్ర. గురి అంతంతమాత్రం, కాబట్టి గుంపులుగా వదిలేవారు. ఒక్క రాకెట్టే సూటిగా వెళ్లి కోటగోడ కూల్చినట్టు ఎవరైనా చూపిస్తే నేనొప్పుకోను.

1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో, మైసూరు సేనతో జరిగిన పోరులో, ఈస్టిండియా కంపెనీ అధికారి బెయిలీ సేన మందుగుండు బళ్లు పేలిపోయాయి. రాకెట్ తగిలే పేలాయని చాలామంది రాశారు. శ్రీరంగపట్నంలోని దరియా దౌలత్ మహలు గోడమీద ఆ పేలుడు బొమ్మ ఇప్పటికీ ఉంది. ఇలాంటి సీరియళ్లకు సెట్ వేసేవాళ్లు ముందు దాని ఎదుట నిలబడాలి. 2018లో శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో పాడుబడ్డ బావిలో అలాంటి రాకెట్లు వెయ్యికి పైగా దొరికాయి. ఒక్కోటి జానెడు ఇనప గొట్టం, లోపల మందు. మామయ్య ఉంటే వాటికి కట్టిన కర్ర పొడవెంతని ముందు అడిగేవాడు.