రామదాసు ముందా, ఎంకి ముందా

మా వేంసూరు భజన మండలిలో హార్మోనియం మీద కూర్చునేది నేనే. బడిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఈ రెండు పనులూ కలిసి నాకొక ప్రశ్న అంటగట్టాయి: మన కీర్తన ఎప్పుడు గీతమైంది? యూరప్ వాళ్లు తమ సంగీతానికి ఈ లెక్క ఎప్పుడో తేల్చుకున్నారు. హేడెన్, మోట్జార్ట్‌లది క్లాసికల్, బేతోవెన్ దగ్గర మలుపు, షూబర్ట్ నుంచి రొమాంటిక్. అదే కొలబద్ద పట్టుకుని మా ఖమ్మం వైపు చూస్తే వరుస తలకిందులుగా కనిపించింది.

ముందు వాళ్ల సంగతి. హేడెన్ 1761లో ఎస్తర్‌హాజీ ప్రభువుల కొలువులో చేరాడు. దివాణం నౌకర్ల దుస్తులే ఆయనా తొడుక్కోవాలి. రాసిన సంగీతం ప్రభువు సొత్తు. మోట్జార్ట్ 1781లో సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్ కొలువుకు దణ్ణం పెట్టి, వియన్నాలో పాఠాలు చెప్పుకుంటూ, కచేరీలు చేసుకుంటూ బతికాడు. బేతోవెన్ నాటికి స్వరాలు అచ్చు వేసి అమ్మేవాళ్లు, టిక్కెట్టు కొని వినేవాళ్లు బాగా పెరిగారు. మధ్యతరగతి ఇళ్లలోకి పియానో వచ్చింది. ప్రభువు భోజనం ముగిసేలోపు పాట కూడా ముగియాలన్న బెంగ పోయింది. 1804లో ముగించిన మూడో సింఫనీని ఆయన ముప్పావుగంట పైనే సాగదీశాడంటే ఆ ధైర్యం అక్కడిదే.

ఆ బేతోవెన్ కంటే మన త్యాగరాజు మూడేళ్లే పెద్ద. ఆయనా తంజావూరు కొలువు వద్దన్నాడనే చెప్పుకుంటారు. కానీ కొలువు కాదన్నది రాముడి కోసం, తన సొంత గొంతు కోసం కాదు. సంగతి మీద సంగతి పేర్చి కృతికి నిండు శాస్త్రీయ రూపం ఇచ్చింది ఆయనే. ఆ రోజుల్లోనే మద్రాసు కోటలో తెల్లవాళ్ల బ్యాండు విని ముత్తుస్వామి దీక్షితులు ఆ బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చాడు, తమ్ముడు బాలుస్వామి ఫిడేలు నేర్చాడు. యూరప్ వాద్యం మన కచేరీ ఎక్కింది గానీ, అక్కడ పుడుతున్న కొత్త భావం మాత్రం ఓడ దిగలేదు.

ఆ భావం ఎలాంటిదో తెలియాలంటే షూబర్ట్ పాట ఒక్కటి చాలు. 1814లో, పదిహేడేళ్ల వయసులో, గోథే రాసిన ఫౌస్ట్ నాటకంలోని గ్రెచెన్ పాటకు వరస కట్టాడు. ఆ పిల్ల రాట్నం ముందు కూర్చుని ప్రియుణ్ణి తలుచుకుంటోంది. పియానో మీద కుడిచెయ్యి గిర్రున రాట్నం తిప్పుతూనే ఉంటుంది. అతని ముద్దు గుర్తొచ్చిన చోట రాట్నం టక్కున ఆగిపోతుంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక తిప్పు, ఆగి మరో తిప్పు, ఆ పైన మళ్లీ వేగం. జర్మన్ ముక్క రాని నాకూ అక్కడ గుండె ఝల్లుమంటుంది. అంతకుముందు వాద్యం గొంతుకు తోడు నిలిచేది. ఇక్కడ అదే పిల్ల మనసైపోయింది.

మనకు అలాంటి పల్లెపిల్ల ఎంకి. నండూరి సుబ్బారావు మద్రాసులో చదువుకునే రోజుల్లో మొదలుపెట్టిన ఎంకి పాటలు 1925లో పుస్తకమయ్యాయి. కృష్ణశాస్త్రి కృష్ణపక్షం వచ్చిందీ ఆ ఏడే. పాట దేవుణ్ణి వదిలి మనిషి పక్కన కూర్చుంది. 1938లో మద్రాసు రేడియో, 1948 డిసెంబరు 1న బెజవాడ రేడియో వచ్చాక ఆ పాటలకు బాణీలు, గొంతులు దొరికాయి. సాలూరి రాజేశ్వరరావు, బాలసరస్వతీదేవి గ్రామఫోను రికార్డులు, బాలాంత్రపు రజనీకాంతరావు రేడియో గీతాలు వినండి. అక్కడ రాగం మాట వెనక నడుస్తుంది. మాట దిగులుపడితే రాగం కూడా దారి మారుస్తుంది. మాకు హైదరాబాదు కంటే బెజవాడ దగ్గర కాబట్టి ఈ లలిత సంగీతం వేంసూరుకు అటునుంచే వచ్చింది.

ఇక్కడ నా పెట్టె గురించి చెప్పకపోతే అది ఊరుకోదు. హార్మోనియం 1840ల మొదట్లో పారిస్‌లో పుట్టింది. అంటే అచ్చంగా రొమాంటిక్ కాలపు బిడ్డ. మన నాటకాలు, భజనలు దాన్ని సొంతం చేసుకున్నాయి. గమకం పలకదని ఆకాశవాణి 1940లో దాన్ని వెలివేసింది. 1971 దాకా ఆ నిషేధం నడిచింది. రొమాంటిక్ పాటను ఊరూరా పంచిన రేడియోయే ఆ కాలపు పెట్టెను గడప తొక్కనివ్వలేదన్నమాట!

మా మండలిలో ఒక కుర్రాడు ఓ రాత్రి రేడియో గీతం ఎత్తుకున్నాడు. బాగానే పాడాడు. తాళాలు పట్టుకున్నవాళ్లు మాత్రం ఎక్కడ అందుకోవాలో తెలియక మొహాలు చూసుకున్నారు. భజనలో ఒకరు అంటే పదిమంది అనాలి. ఆ గీతం ఒంటరి మనిషిది, పదిమంది అంటే చెడుతుంది. అసలు తేడా రాగంలో కాదు, ఇక్కడుంది.

అయితే రామదాసును ఏ గదిలో కూర్చోబెట్టాలి? రామదాసు, అంటే నేలకొండపల్లి కంచర్ల గోపన్న, గోలకొండ ఏలిన తానీషా కాలం మనిషి, హేడెన్‌కు దాదాపు వందేళ్లు ముందువాడు. భద్రాచలం గుడి కట్టించి, గోలకొండ చెరసాలలో పడి, ఏ నగకు ఎంత ఖర్చయిందో లెక్క అప్పజెబుతూ రాముణ్ణే నిలదీశాడు. తిట్టాడు, తిట్టినందుకు ఏడ్చాడు. ఇంతకంటే సొంత గొంతు ఏ రొమాంటిక్‌కు ఉంది? త్యాగరాజే తన కృతిలో ఆయన్ను తలుచుకున్నాడు. మనలో ఒంటరి మనిషి మొర ముందే పుట్టింది, శాస్త్రీయపు నగిషీ తర్వాత వచ్చింది. పైగా ఆ ఒంటరి మొరను పదిమందీ అందుకోగలరు. షూబర్ట్‌కు గానీ కృష్ణశాస్త్రికి గానీ ఈ విద్య పట్టుబడలేదని నా తీర్పు.

తీరిక దొరికితే షూబర్ట్ రాట్నం పాట, బాలసరస్వతీదేవి రికార్డు, రామదాసు చెరసాల కీర్తన వరసగా వినండి. మూడోదానికి మాత్రం కచేరీ విద్వాంసుల దగ్గర ఆగకండి, మీ ఊరి మండలి పాడుతుంటే వెళ్లి మధ్యలో కూర్చోండి.