నిలువు పట్టీల వెనుక నిర్ణయాలు

ఎక్సెల్‌లో కొన్ని గడులు ఎంచుకుని ఆల్ట్, ఎఫ్1 మీటలు కలిపి నొక్కితే వచ్చేది నిలువు పట్టీల చార్టు. మనం మార్చుకోనంతవరకూ డీఫాల్ట్ అదే. చార్టులన్నిటిలో అదే మేలని ఎవరో తేల్చడం వల్ల దానికి ఆ స్థానం రాలేదు. స్కాట్లాండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లో లండన్‌లో అచ్చువేసిన ‘ది కమర్షియల్ అండ్ పొలిటికల్ అట్లాస్’లో 44 చార్టులుంటే, వాటిలో 43 ఏళ్ల తరబడి మార్పును గీతలుగా చూపేవే. మిగిలిన ఆ ఒక్కటే పట్టీల చార్టు. స్కాట్లాండ్ 17 దేశాలతో, ప్రాంతాలతో చేసిన ఎగుమతి దిగుమతుల లెక్క అతనికి ఒక్క ఏడాదికే దొరికింది. ఒక్క ఏడాదితో గీత గీయలేం కాబట్టి అడ్డంగా పట్టీలు గీశాడు. అది తన మిగతా చార్టులకన్నా తక్కువదని తానే అనుకున్నాడు. అయినా అది అతని నిర్ణయం. చేతిలో ఉన్న సమాచారం ఏమిటి, దానికి తగిన రూపమేది అని ఆలోచించాకే కలం కదిలింది. స్ప్రెడ్‌షీట్ చార్టుల చరిత్రను కొత్త రకాలు, కొత్త రంగులు వచ్చిన వరసలో చెప్పడం అలవాటు. నా దృష్టిలో అసలు చరిత్ర వేరు. గీసేవాడి చేతిలో ఉన్న నిర్ణయాలు ఒక్కొక్కటిగా సాఫ్ట్‌వేర్ చేతికి ఎలా వెళ్లాయన్నదే ఆ చరిత్ర. అలా చూస్తే, చార్టును మనకు తగినట్టు మార్చుకోవడం ముస్తాబు అనిపించదు, సగంలో ఆగిన పనిని పూర్తి చేయడం అనిపిస్తుంది.

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ యాపిల్ 2 కంప్యూటర్ కోసం తెచ్చిన విసికాల్క్‌ ఒక అంకె మారిస్తే మిగతా లెక్కంతా తనే సరిచేసుకునేది. గ్రాఫు గీయడం మాత్రం దానికి రాదు. ఆ పనికి మిచ్ కేపోర్ రాసిన విసిప్లాట్ 1981లో వచ్చింది. విసికాల్క్‌లో అంకెలను డిఫ్ అనే ఫైలుగా డిస్కులో దాచి, ఆ ప్రోగ్రాం మూసి, రెండోది తెరిచి, ఆ ఫైలు ఎక్కించాలి. బొమ్మ చూశాక ఒక అంకె మార్చాలనిపిస్తే ఈ తతంగమంతా మళ్లీ మొదటి నుంచీ. ఆ దూరాన్ని చెరిపింది 1983 జనవరిలో కేపోర్, జొనథన్ సాక్స్ తెచ్చిన లోటస్ 1-2-3. లెక్క, గ్రాఫు, డేటాబేస్ మూడూ ఒకే ప్రోగ్రాంలో వచ్చాయి. అంకె మార్చి ఎఫ్10 నొక్కితే కొత్త గ్రాఫు కళ్లముందుండేది. ఐబీఎం వారి మామూలు మోనోక్రోమ్ కార్డు మీద అక్షరాలే తప్ప బొమ్మలు రావు కనుక, రంగుల కార్డో హెర్క్యులిస్ కార్డో ఉండాలి. కాగితం మీదికి రావాలంటే బొమ్మను ఫైలుగా దాచి, ప్రింట్‌గ్రాఫ్ అనే మరో ప్రోగ్రాంకు వెళ్లాలి. ఇన్ని ఇబ్బందులున్నా ఒక మేలుంది. గీత, పట్టీ, ఎక్స్-వై, పేర్చిన పట్టీ, పై అనే అయిదు రకాల్లో ఏది కావాలో మెనూలోకి వెళ్లి ఎంచుకోవాలి. అడ్డంగా ఏ వరస ఉండాలో ఎక్స్‌లో, గీయాల్సిన వరసలేవో ఎ నుంచి ఎఫ్ వరకూ ఒక్కొక్కటిగా చెప్పాలి. విసుగు పుట్టించే పనే. కానీ ఏది దేనిమీద ఆధారపడిందో ఆలోచించకుండా ఆ మెనూ దాటడం కష్టం.

1985లో మెకింటాష్ మీద, 1987లో విండోస్ మీద వచ్చిన ఎక్సెల్ ఈ శ్రమను క్రమంగా తగ్గించింది. ఎక్సెల్ 97 నాటి చార్ట్ విజార్డ్ నాలుగు మెట్లలో ప్రశ్నలడిగేది: ఏ రకం, ఏ డేటా, శీర్షికలూ అక్షాలూ ఎలా, ఎక్కడ పెట్టాలి. 2007లో ఆ విజార్డ్‌ను తీసేశారు. ఒక్క నొక్కుతో చార్టు తయారై వస్తుంది, మార్పులేవైనా ఉంటే పైన రిబ్బన్‌లో చేసుకోవాలి. 2013లో ఏ చార్టు బాగుంటుందో సాఫ్ట్‌వేరే సిఫారసు చేయడం మొదలైంది. గీయకముందు అడిగే ప్రశ్నలన్నీ గీశాక కావాలంటే వెతుక్కునే మీటలయ్యాయి. ఈ క్రమంలో అతి పెద్ద మార్పు ఇదే.

ఎవరికి నచ్చినట్టు వారు మార్చుకోవచ్చు కదా, ఎవరూ ఆపడం లేదు కదా అనవచ్చు. దీనికి జవాబు పాత ఎక్సెల్ చార్టుల బూడిదరంగులో ఉంది. ఎక్సెల్ 97 నుంచి 2003 వరకూ చార్టు వెనుక బూడిదరంగు నేపథ్యం డీఫాల్ట్‌గా వచ్చేది. ఆ ఏళ్ల ఆఫీసు నివేదికలు, ప్రాజెక్టు రిపోర్టులు తిరగేస్తే అదే బూడిదరంగు కనిపిస్తుంది. 2007 తర్వాత అది మాయమైంది. జనం అభిరుచి ఒక్కసారిగా మారలేదు, డీఫాల్ట్ మారింది. మార్చుకునే వీలుండటం వేరు, మార్చుకోవడం వేరు.

నేపథ్యం రంగు వల్ల పెద్ద నష్టం లేదు. అక్షంతో అలా కాదు. ‘సంవత్సరం’, ‘దిగుబడి’ అని రెండు నిలువు వరసలు పెట్టి గీత చార్టు కోరితే, ఎక్సెల్ సంవత్సరాన్ని కూడా ఒక కొలతగానే చూస్తుంది. 2000 ఎత్తున ఒక బల్లపరుపు గీత గీసి, అసలు దిగుబడిని అట్టడుగున అణగదొక్కుతుంది. ‘సంవత్సరం’ అన్న శీర్షిక గడిని ఖాళీగా వదిలేస్తే సరిగ్గా వస్తుంది. ఈ కిటుకు తెలిసిన గుమాస్తాలు చాలామందే ఉన్నారు. అంతటితో అయిపోలేదు. 2001, 2011, 2014 అని ఏళ్లుంటే గీత చార్టులో మూడూ సమాన దూరంలో కూర్చుంటాయి. పదేళ్ల ఎడం, మూడేళ్ల ఎడం ఒక్కటే అయిపోతాయి. ఎడం నిజంగా కనపడాలంటే స్కాటర్ రకం ఎంచుకోవాలి. ఇక 95, 96, 97 శాతం ఉత్తీర్ణత లాంటి దగ్గరి అంకెలిస్తే, నిలువు పట్టీల చార్టులోనూ అక్షం సున్నా దగ్గర మొదలవదు. 94 దగ్గర మొదలైతే, 97 పట్టీ 95 పట్టీకి మూడింతలుగా నిలబడుతుంది. ఇందులో అబద్ధమాడినవారు ఎవరూ లేరు. చూసినవారు మాత్రం మోసపోయారు.

చేత్తో గీసిన కాలంలో మోసాలు లేవా అని మరో ప్రశ్న వస్తుంది. ఉన్నాయి. అంతకన్నా బలమైన వాదన ఇంకొకటి: ప్లేఫెయిర్‌కు రాగిరేకు మీద చెక్కించి చేత్తో రంగులు వేయించాల్సి వచ్చింది, నేడు ఏ ఊరి ప్రధానోపాధ్యాయుడైనా హాజరు లెక్కను అయిదు నిమిషాల్లో గీయగలడు. ఈ వాదనను నేను పూర్తిగా ఒప్పుకుంటాను, ఆ రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరనక్కరలేదు. అయితే పనిముట్టు అందరి చేతికీ వచ్చినప్పుడు, దాన్ని వాడే తెలివి కూడా అందుతుందని అనుకున్నాం. అది అందలేదు. లోటస్ వచ్చిన 1983లోనే చార్టుల మీద ఎడ్వర్డ్ టఫ్టీ రాసిన పుస్తకం వచ్చింది, సమాచారం మోయని సిరా చార్టులో వృథా అని చెప్పింది. 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే పరిశోధకులు ప్రయోగాలు చేసి, ఒకే కొలబద్ద మీది స్థానాలను కన్ను చక్కగా పోలుస్తుందనీ, కోణాలను, వైశాల్యాలను అంత బాగా పోల్చలేదనీ చూపారు. అయినా పక్కకు వాలిన త్రీడీ పై చార్టు ఇవాళ్టికీ మెనూలో ఉంది. మన శిక్షణ తరగతులు మీట ఎక్కడుందో చెప్పి ఊరుకుంటాయి. అక్షం ఎక్కడ మొదలవాలి, ఈ డేటాకు గీతా పట్టీయా అన్నవి అక్కడ పాఠాలు కావు. కావాలి.

మన లెక్కల దగ్గరికొస్తే మరొక నిర్ణయం మన చేతుల్లో లేదు. ఎక్సెల్ అక్షానికి డిస్‌ప్లే యూనిట్స్ అనే వీలుంది. ఆ జాబితాలో థౌజండ్స్, మిలియన్స్, బిలియన్స్ పేర్లతో ఉన్నాయి. లక్ష, కోటి కూడా ఉన్నాయి కానీ 100000, 10000000 అనే అంకెలుగానే, పేరు లేకుండా. ‘లక్షల్లో’, ‘కోట్లలో’ అని మనమే చేత్తో రాసుకోవాలి. బడ్జెట్ నుంచి పంటల బీమా దాకా లెక్కలన్నీ లక్షల్లో, కోట్లలో చదివే కోట్లాది జనం ఈ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు. ఆ రెండు అంకెలకు వాటి పేర్లు పెట్టమని తయారీదారులను అడగాలి. అవి వచ్చేదాకా, మీరు గీసే ప్రతి చార్టు అక్షం పక్కన ఆ మాట మీరే రాయండి.