రికాబులు లేని గుర్రం మీద మన్రో దొర

చెన్నై మౌంట్ రోడ్డులో, ఐలాండ్ మైదానం దగ్గర సర్ థామస్ మన్రో కంచు గుర్రమెక్కి కూర్చుని ఉంటాడు. ఆ గుర్రానికి జీను లేదు, రికాబులూ లేవు! శిల్పి వాటిని మరిచిపోయి, సిగ్గుతో ప్రాణం తీసుకున్నాడని అక్కడ ఒక కథ చెబుతారు. కథ అబద్ధం. విగ్రహం నిలబెట్టింది 1839లో. శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ 1841 దాకా బతికాడు. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఆయన చేసిన నాలుగో జార్జి గుర్రానికీ రికాబులు లేవు. రోములోని మార్కస్ అరీలియస్ కంచు గుర్రానికీ లేవు, ఆ కాలపు రోమన్లకు రికాబంటే తెలియదు మరి. ఆ ప్రాచీన రీతి మీద మక్కువతోనే చాంట్రీ అలా చేశాడని నా నమ్మకం. ఇక మన రాయలసీమకు వస్తాను.

1780లో పద్దెనిమిదేళ్ళ క్యాడెట్‌గా మద్రాసులో దిగిన మన్రో హైదరలీతోనూ టిప్పుతోనూ జరిగిన యుద్ధాల్లో పనిచేశాడు. తర్వాత మరాఠాల మీద దండు నడిపాడు. కానీ నాకు ఇష్టమైనవి 1800 నుంచి 1807 దాకా గడిచిన ఏడేళ్ళు. నిజాం ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసిన బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలకు ఆయన ప్రిన్సిపల్ కలెక్టరు. డేరాల్లో ఉంటూ ఊరూరా తిరిగాడు, పొలాలు కొలిపించాడు, రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతిని నిలబెట్టాడు. సీమవాసులు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు ఇప్పుడు నా చెవిన పడకపోవడం నిజంగా లోటే.

అదే చేత్తో ఆయన పాలెగాళ్ళ కోటలనూ బలగాలనూ అణిచేశాడు. కొందరికి భరణాలు మిగిలాయి. అలాంటి భరణం గొడవలోనే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు, 1847లో కోవెలకుంట్లలో ఉరికంబమెక్కాడు.

తర్వాత ఆయన మద్రాసు గవర్నరయ్యాడు. ఆ పదవి నుంచి సెలవు తీసుకునే ముందు సీమను ఆఖరుసారి చూడాలని బయలుదేరిన మన్రో, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పూడ్చారు. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. ఆయనకు గుర్తుగా పత్తికొండలో బావి తవ్వించారు, తోపు వేయించారు.

మన్రోకు గుర్తు విగ్రహం, బావి, తోపు అయితే, మా పల్నాటి కారంపూడిలో పల్నాటి వీరులకు గుర్తు వాళ్ళ ఆయుధాలే. వీరులగుడిలో వాటికి పూజలు, కార్తీకంలో తిరునాళ్ళు, ఆచారవంతులు మోసుకొచ్చే కొణతాలనే వీరుల ఆయుధాలు. కంచు విగ్రహానికి అలా ఏటేటా మోసేవాళ్ళు ఉండరు, కథ చెప్పేవాళ్ళే ఉంటారు. అందుకే మన్రో కథ చెప్పేవాళ్ళు రైత్వారీతో ఆపకుండా పాలెగాళ్ళ కథ కూడా చెప్పాలి.