రత్నము నొవ్వని పనిముట్టు



మెదకు సీమలోని అల్లాదుర్గము మా ఊరు. బాల్యమున ఆ ఊరి అవుసలి ఇంటి అరుగే నాకు రెండవ బడి. కుంపటి, ఊదుగొట్టము, శ్రావణము, కమ్మచ్చు, గురివెంద గింజల త్రాసు, వీనిని చూచుచు గంటల కొలది కూర్చుండెడివాడను. నేడు మీకు చెప్పదలచిన చరిత్ర రాజులది కాదు, ఆ పనిముట్లది.

మా అక్క పెండ్లినాటి సంగతి. మా అమ్మమ్మ నాటి అడ్డిగలో రెండు పచ్చలుండెను. వానితో చెవి కమ్మలు చేయింపవలెనని పెద్దలు తలచి, ముందుగా ఒకదానిని పట్టణమున ఒక దుకాణమున కిచ్చిరి. పది దినములకు కమ్మ వచ్చినది గాని, పచ్చ అంచున పెచ్చు లేచి, నడుమ వెండ్రుకవలె బీట కనబడెను. మా అమ్మ కంటనీరు పెట్టి, మిగిలిన పచ్చను చెంగున ముడివేసికొని అవుసలి అరుగునకు వచ్చినది.

"మామా, దీని నీవే చూడవలె" అన్నది.

ముసలివాడు బీటపడిన రాయిని వెలుగునకు పట్టి చాలసేపు చూచెను. "బిడ్డా, రాతిది తప్పు గాదు. ఉక్కు మొన జారినది" అనెను. ఆ దినమున అతడు రాయిని ముట్టలేదు. విరిగిన ఇత్తడి గరిటె కాడను కోసి, కొనను ఆకురాతితో గుండ్రముగా రాచి, తోలుపై మెరుగు పెట్టి, తన గోటిపై నొక్కి ఈడ్చి చూచెను. గోటిపై గీత పడినది. మరల రాచెను. గీత పడనంతవరకు రాచుచునే యుండెను.

ఆ గోటి పరీక్ష వెనుక ఎంత అనుభవమున్నదో నాకు పెద్దయిన పిదప తెలిసినది. రాతి గట్టితనము వేరు, దెబ్బకు తాళుట వేరు. 1812లో మోసు అను జర్మను పండితుడు, ఏ రాయి దేనిని గీయగలదో చూచి, రాళ్లకు ఒకటి మొదలు పది వరకు అంతరువులు ఏర్పరచెను. వజ్రము పది, కెంపును నీలమును తొమ్మిది, పచ్చ ఏడున్నర మొదలు ఎనిమిది. పగడము మూడు నాలుగు నడుమ, ముత్యము ఇంచుమించు అంతే. పచ్చ గాజును గీయును, కాని దెబ్బకు గాజువలెనే పగులును. దాని గర్భమున పుట్టుకతోనే సన్నని బీటలుండును. పదిటనున్న వజ్రము సైతము తన పొర వెంబడి సరియైన దెబ్బ తగిలిన రెండుగా చీలును.

ఈ సత్యమును మన దేశపు గనులలోనివారు ఏనాడో ఎరుగుదురు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియె పదునేడవ శతాబ్దమున గోలకొండ రాజ్యమునకు పలుమార్లు వచ్చి, తన యాత్రాగ్రంథమును 1676లో అచ్చు వేయించెను. గోలకొండకు ఐదు దినముల పయనమున నున్న రావులకొండ గనిలో రాతి పగుళ్ల సందున వజ్రములుండెడివట. కొన వంగిన సన్నని ఇనుప కొంకులతో పనివాండ్రు ఆ సందులలోని మట్టిని లాగి తీసెడివారు. సందు వంకర తిరిగినచోట మాత్రము పెద్ద గడ్డపారతో రాతిని మోదవలసి వచ్చెడిది. ఆ దెబ్బలకే అచ్చటి వజ్రములు పెక్కింటికి బీటలు వారెనని ఆయన వ్రాసెను. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలోనో, కడిగి ఆరబెట్టిన మట్టిగడ్డలను పెద్ద కొయ్య రోకండ్లతో చిదిపి, చేటలతో చెరిగెడివారట. పని చూచి పనిముట్టును ఎన్నుకొనుట అనగా ఇదియే.

ఇక పొదుగుటలో మనవారి విద్య కుందనపు పని. కుందనమనగా కల్తీ లేని మేలిమి బంగారము. దానిని పలుచని పట్టీలుగా సాగగొట్టుదురు. నగ గూటిలో లక్క నించి, సెగ చూపి మెత్తబరచి, దానిపై తళుకు రేకు పరచి, రాతిని కూర్చుండ బెట్టుదురు. పిమ్మట రాతికిని గూటిగోడకును నడుమ కుందనపు పట్టీలను సన్నని శలాకతో కొంచెము కొంచెముగా నొక్కుదురు. మేలిమి గనుక పొరపై పొర నొక్కినంతనే, నిప్పు లేకయే, పసిడి పసిడితో ఏకమగును. రాగి కలిసిన బంగారమునకు ఈ గుణము లేదు. ఇందు సుత్తి దెబ్బ లేదు, రాతికి మంట తగులుట లేదు. పదునారవ శతాబ్దమున స్పెయినువారు అమెరికా ఖండమున కొలంబియా దేశపు గనులను పట్టుకొన్న తరువాత అచ్చటి పచ్చలు సముద్రములు దాటి మన దేశమునకు మెండుగా వచ్చినవి. బీటలతో పుట్టిన అట్టి రాళ్లకు కుందనము మెత్తని పరుపువంటిది.

పడమటి పద్ధతి వేరు. రాతికి వెనుకనుండియు వెలుగు రావలెనని గూటిని తెరచి, అంచులను బంగారు కొక్కెములతో పట్టుదురు. 1886లో న్యూయార్కులోని టిఫనీవారు ఆరు కొక్కెముల ఉంగరమును వెలువరించిరి. వజ్రమునకు అది సొగసే. కాని ఆ ఉక్కు పనిముట్టుతోనే పచ్చను పొదుగబోయినప్పుడు, కొక్కెమును వంచు బలమంతయు ఒక్క మొనలో చేరి అంచున పడును. మా పచ్చ అట్లే పోయినది.

అందుకు మన ముసలివాడు చేసిన మార్పు చిన్నది. ఇత్తడి మెత్తన, కావున జారినను రాతిని గీయదు. కొన గుండ్రము, కావున బలము ఒకచోట గుచ్చుకొనదు. పిడి పొట్టి, కావున అరచేతి ఒత్తిడి చేతి అదుపులోనే నిలుచును. ముత్యమునకు, పగడమునకు ఇత్తడియు కఠినమే. వానికి కొయ్యనో కొమ్మునో అట్లే చెక్కుకొనవలెను. రాతిని ఎత్తుటకు ఇనుప శ్రావణము వలదు, పుల్లకొనను మైనపు ముద్ద చాలును.

హైదరాబాదు నిజాముల నగలు 173 వస్తువులను కేంద్ర ప్రభుత్వము 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది. 2001లో వానిని సాలార్జంగు మ్యూజియమున ప్రదర్శించిరి. చూచినవారు రాళ్ల పరిమాణమును చెప్పుకొనిరి. వానిని పగులకుండ నిలిపిన చేతుల పేర్లు మాత్రము ఎవరికిని తెలియవు.

పెద్దలకు ఒక మనవి. మీ ఇండ్లలో పాత కుందనపు నగలున్నచో కుంకుడు రసమున కాచకుడు. నీరు చొచ్చిన తళుకు మాయును, వేడికి లక్క కరుగును. పొడి మెత్తని గుడ్డతో తుడిచిన చాలును. మరమ్మతునకు ఇచ్చునపుడు, ఏ పనిముట్టుతో నొక్కుదువని అడుగుడు. అడిగినందుకు మంచి పనివాడు కోపగింపడు, సంతోషించును.

మా అక్కకు కమ్మలు కాలేదు. మిగిలిన ఒక్క పచ్చతో ఆ ముసలివాడు ఉంగరము చేసియిచ్చెను. నేడది ఆమె మనుమరాలి వ్రేలనున్నది. మొన్న వెలుగునకు పట్టి చూచితిని. అంచున ఎచ్చటను పెచ్చు లేదు.