ఆనకట్ట కెక్కిన బూడిద

వ్యర్థమైన శ్రమను బూడిదలో పోసిన పన్నీరని మనవారందురు. అంట్లు తోముటకు దక్క బూడిద మరి దేనికిని పనికిరాదని వారి తలంపు కాబోలు. అట్టి బూడిదను ఇంజనీర్లు కోరి తెచ్చుకొని ఆనకట్టలలో వేసిన చరిత్రమును నేడు మీకు విన్నవింపనెంచితిని. పొదుపు కొఱకే వారట్లు చేసిరని పలువురందురు. నా కట్లు తోచదు. వారిని బూడిద యొద్దకు నడిపించినది సిమెంటునందలి వేడిమి.

సున్నమునకు తగిన ధూళి తోడైనచో నీటిలోనైనను గట్టిపడునను ఎఱుక మాత్రము మిక్కిలి పాతది. రోమనులు నేపుల్సు చెంతనున్న పొజువోలి అగ్నిపర్వతధూళిని సున్నముతో కలిపి సముద్రములోనే రేవులు కట్టిరి. అట్టి ద్రవ్యములకు నేటికిని ఆ యూరి పేరే నిలిచి పొజొలానా యనబడుచున్నవి. మనకు ఆ ధూళి లేకున్నను విఱిగిన ఇటుకలున్నవి గదా! వానిని పొడిచేసి సున్నముతో గానుగలో ఆడించుట మన తాపీవారికి పరిపాటి. ఆ పొడియే సుర్కి. 1911లో మైసూరు చెంత ఆరంభమైన కృష్ణరాజసాగరపు ఆనకట్టలో రాళ్లను పట్టియుంచినది సుర్కి కలిపిన సున్నమే. ఇనుపకొలిమి చిట్టెమును నీటిలో చల్లార్చినచో అదియు సున్నముతో బిగియునని 1862లో జర్మనీయుడైన ఎమిల్ లాంగెన్ కనుగొనెను.

ఇక వేడిమి మాట. సిమెంటు నీటితో కలిసినపుడు వేడి పుట్టును. ఇంటిగోడలో అది మనకు తెలియనే తెలియదు. వందల అడుగుల మందము గల ఆనకట్టలోనో, ఆ వేడి వెలికి రాలేక లోపలనే నిలిచి, ఏండ్ల తరబడి చల్లారుచుండును. చల్లారుచు కాంక్రీటు కుంచించుకొని పగుళ్లు వాఱును. అమెరికాలో 1935 నాటికి హూవరు ఆనకట్ట కట్టినవారు ఈ భయముచేతనే కాంక్రీటులో వందల మైళ్ల ఇనుపగొట్టములు పాతి చల్లని నీరు పాఱించిరి.

ఆ కాలముననే విద్యుత్కేంద్రములలో బొగ్గును పిండిచేసి మండించు పద్ధతి వ్యాపించెను. పొగతో ఎగిరిపోవు మెత్తని బూడిదను యంత్రములతో పట్టగా అది గుట్టలు పడెను. 1937లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఆర్. ఇ. డేవిస్, సహచరులతో కూడి, ఆ బూడిదను సిమెంటుతో కలిపి పరీక్షించిన ఫలితములు ప్రకటించెను. సిమెంటు బిగియునపుడు కొంత సున్నము మిగిలిపోవును. బూడిదలోని సిలికా మెల్లమెల్లగా దానితో చేరి క్రొత్త బంధకమగును. కాంక్రీటులోని సూక్ష్మరంధ్రములు పూడిపోవును. సిమెంటు తగ్గినందున వేడియు తగ్గును. వారము దినములకు పరీక్షించినచో బూడిద కాంక్రీటు వెనుకబడియే యుండును. మాసములు గడచిన కొలది ముందునకు పోవును. త్వరపడువానికిది నచ్చని సరకు. ఆనకట్ట కట్టువానికి త్వర యేల?

1948లో మోంటానా రాష్ట్రమున ఆరంభమై 1953లో ముగిసిన 564 అడుగుల ఆనకట్టకు "ఆకలిగొన్న గుఱ్ఱము" అను అర్థము వచ్చు హంగ్రీ హార్స్ అని పేరు. ఆ గుఱ్ఱమునకు మేపిన బూడిద లక్ష టన్నులకు పైమాటే! మనదేశమున 1962లో పూర్తియైన రిహాండు ఆనకట్టలో సిమెంటునకు మాఱుగా కొంత బూడిద వేసిరి. నేడు భారతీయ ప్రమాణముల ప్రకారము బూడిద సిమెంటులో నూటికి 15 మొదలు 35 పాళ్ల వరకు బూడిద యుండవచ్చును.

వేడిమి భయముతో మొదలైన పనికి నేడు మఱియొక భయము తోడైనది. సున్నపురాయి కాలి ఒక టన్ను సిమెంటు ముద్ద యగునప్పటికి, మంటకు వేసిన బొగ్గు పొగను విడిచినను, ఆ రాతినుండియే అర టన్నునకు మించి బొగ్గుపులుసువాయువు గాలిలో కలియును. మఱి మన బొగ్గులో బూడిద విస్తారము. రామగుండము, కొత్తగూడెము, ఇబ్రహీంపట్నములలోని కేంద్రములు దశాబ్దములుగా దానిని మండించుచున్నవి. ఒక బూడిదచెఱువు ప్రక్కపల్లెకు వేసవిలో పోయితిని. ఆరవేసిన చీరలపైనను, నీళ్లకడవ మూతపైనను తెల్లని దుమ్ము పేరుకొనియున్నది. ఆ యింటి యిల్లాలితో పొజొలానా మహిమ చెప్పుటకు నాకు నోరు రాలేదు.

బ్రిటనులో చివరి బొగ్గు విద్యుత్కేంద్రము 2024లో మూతపడినది. అచట క్రొత్త బూడిద పుట్టదు. అమెరికాలో కొన్ని చోట్ల పూర్వము పాఱబోసిన బూడిదను చెఱువులనుండి త్రవ్వి, ఆరబెట్టి, శుద్ధిచేసి కాంక్రీటువారికి వెలకు అమ్ముచున్నారు.