గుండె ఆగలేదు, ఊపిరి నెమ్మదించింది

ఏటా జూన్ 21న నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో పొద్దుపొడుపు వేళకే మైదానాల నిండా చాపలు పరుచుకుంటాయి. మైకులో ఒక జాబితా వినిపిస్తుంది: బీపీ, షుగర్, నడుంనొప్పి, ఉబ్బసం, నిద్రలేమి, దిగులు. అన్నిటికీ యోగా మందని చెబుతారు. ఈ జాబితా పతంజలి రాసింది కాదు. ఆయన మాట్లాడింది చిత్తవృత్తులను నిలపడం గురించి, బీపీ గురించి కాదు. యోగా వల్ల ఒంటికి ఇంత మేలు, మనసుకు ఇంత మేలు అని కొలిచి చెప్పడం మొదలై వందేళ్ళే అయింది. ఆ కొలతకు దారి చూపింది ఆరోగ్యం మీద ఆసక్తి కూడా కాదు, వింత మీద ఆసక్తి. మనిషి తన గుండెను తానే ఆపుకోగలడా అన్నదే శాస్త్రవేత్తలను యోగుల ముంగిటికి రప్పించిన ప్రశ్న.

ఎక్స్‌రే ముందు నౌళి

ఆ ప్రశ్నతో శాస్త్రవేత్తలు రావడానికి కాస్త ముందే ఒక భారతీయుడు ఇంకో దారిలో బయలుదేరాడు. ఆయన అసలు పేరు జగన్నాథ్ గణేశ్ గుణే, లోకానికి తెలిసిన పేరు స్వామి కువలయానంద. పరమహంస మాధవదాస్ దగ్గర యోగం నేర్చుకున్నాడు. నేర్చుకున్న పని కడుపులో ఏం చేస్తున్నదో కళ్ళతో చూడాలనిపించి, 1920ల మొదట్లో బరోడా ఆసుపత్రిలో పొట్టను లోపలికి లాగే ఉడ్డియాన బంధాన్ని, పొట్ట కండరాలను తిప్పే నౌళిని ఎక్స్‌రే కింద పరీక్షింపజేశాడు. నౌళి చేసేటప్పుడు పెద్దపేగులో పీడనం బయటి గాలి పీడనం కన్నా తగ్గుతుందని తేలింది. యోగులు పరికరమేమీ లేకుండా పేగులోకి నీళ్ళు ఎట్లా పీల్చుకోగలుగుతున్నారో దాంతో అర్థమైంది. ఆ పీడనానికి ఆయన తన గురువు పేరే పెట్టాడు. 1924లో మహారాష్ట్రలోని లోనావ్లాలో కైవల్యధామ స్థాపించి, అదే ఏడు ‘యోగ మీమాంస’ పత్రిక మొదలుపెట్టాడు. ఆశ్రమానికి ప్రయోగశాల తోడైంది అక్కడే.

గీత ఆగలేదు

1935లో ఫ్రాన్సు నుంచి తెరెస్ బ్రాస్ అనే హృద్రోగ వైద్యురాలు ఈసీజీ యంత్రం వెంటబెట్టుకుని మన దేశానికి వచ్చింది. ఆమె పరీక్షించిన యోగుల్లో తిరుమల కృష్ణమాచార్య ఒకరు. చిత్రదుర్గం ప్రాంతపు ముచుకుందపురంలో, తెలుగు అయ్యంగార్ల కుటుంబంలో 1888లో పుట్టిన ఆయన అప్పటికి మైసూరు మహారాజు ఆదరణలో యోగశాల నడుపుతున్నారు. బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్, ఇంద్రాదేవి ఆయన శిష్యులే. ఈ రోజు లోకమంతా వేస్తున్న ఆసనాల్లో చాలా వరకు ఏదో ఒక తోవన ఆయన దగ్గరికే చేరతాయి. ఆయన ఊపిరి నిలిపినప్పుడు ఈసీజీ గీత దాదాపు చదునుగా మారిందని బ్రాస్ నమోదు చేసింది. యోగి గుండె ఆపాడన్న కబురు పాశ్చాత్య దేశాలకు పాకింది.

ఇరవై ఏళ్ళకు పైగా ఆ కబురును ఎవరూ సరిచూడలేదు. 1957లో ఇద్దరు మనుషులు అమెరికా నుంచి వచ్చారు. ఒకరు కాలిఫోర్నియాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త మేరియన్ వెంగర్. రెండో ఆయన మిషిగన్ విశ్వవిద్యాలయంలో మెదడు తరంగాలను చదివే బసు కుమార్ బాగ్చీ. ఈ బాగ్చీ ఒకప్పుడు ధీరానంద స్వామి, పరమహంస యోగానంద పిలిస్తే అమెరికా వెళ్ళిన సన్యాసి. తర్వాత కాషాయం విడిచి చదువుకుని శాస్త్రవేత్త అయ్యాడు. యోగుల మాట కొట్టిపారేసే మనిషి కాదు, విని ఊరుకునే మనిషీ కాదు.

ఇద్దరూ యంత్రాలు మోసుకుంటూ నెలల తరబడి దేశం తిరిగారు. ఢిల్లీలోని ఎయిమ్స్‌లో శరీరధర్మ శాస్త్రవేత్త బాల్ క్రిషన్ ఆనంద్ వాళ్ళతో చేతులు కలిపాడు. మద్రాసులో కృష్ణమాచార్యను కూడా కలిశారు. అప్పటికి ఆయనకు డెబ్బై దగ్గరపడ్డాయి. ముగ్గురు శాస్త్రవేత్తలూ కలిసి 1961లో ప్రకటించిన ఫలితం సూటిగా ఉంది. గొంతు మూసి, ఊపిరి బిగబట్టి, ఛాతీ, పొట్ట కండరాలను గట్టిగా బిగిస్తే ఛాతీలో పీడనం పెరుగుతుంది. సిరల ద్వారా గుండెకు చేరే రక్తం తగ్గిపోతుంది. మణికట్టు దగ్గర నాడి అందదు, స్టెతస్కోపులో చప్పుడు వినబడదు. ఈసీజీ గీత మాత్రం నడుస్తూనే ఉంటుంది. గుండె ఆగలేదు.

వింత వీగిపోవడంతో కథ ముగిసి ఉంటే యోగా శాస్త్రవేత్తల బల్ల మీద నుంచి అక్కడే దిగిపోయేది. కానీ అదే ఏడు ఆనంద్ బృందం ఇంకో ప్రయోగం బయటపెట్టింది. రామానంద్ యోగి అనే ఆయనను గాలి చొరబడని పెట్టెలో గంటల తరబడి కూర్చోబెట్టారు. కదలక మెదలక విశ్రాంతిగా ఉన్న మనిషికి కావలసిన దానికన్నా తక్కువ ఆక్సిజన్‌తోనే ఆయన ఒళ్ళు నడిచింది. గుండె ఆపడం అబద్ధమే అయినా ఒంటి వేగం తగ్గించడం నిజమని తేలింది. గుండె వేగం, రక్తపోటు, చెమట మన చేతిలో ఉండవని వైద్యం అంతవరకు నమ్మేది. వాటి మీద మనిషికి కొంత పట్టు ఉందని, ఆ పట్టు ఊపిరి ద్వారా వస్తుందని తర్వాతి పరిశోధనల్లో కొన్ని ఇక్కడి నుంచే అందుకున్నాయి. 1975లో హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ ధ్యానంలో ఒంటికి కలిగే ఈ నిమ్మళాన్ని ఒత్తిడికి విరుగుడుగా చూపించి పుస్తకం రాశాడు.

దమ్ము తిప్పలకు లెక్క

పరిశోధన యోగి నుంచి రోగి దగ్గరికి కూడా వచ్చింది. బెంగళూరులో వైద్యురాలు ఆర్. నాగరత్న, ఇంజనీరు చదువు నుంచి యోగా వైపు మళ్ళిన హెచ్.ఆర్. నాగేంద్ర ఉబ్బసం రోగులను తీసుకున్నారు. 53 మందికి రెండు వారాలు ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం నేర్పి, ఇంటి దగ్గర రోజూ 65 నిమిషాలు చేయమన్నారు. వయసు, జబ్బు తీవ్రత సరిపోలే ఇంకో 53 మందికి మామూలు మందులే సాగించారు. యోగా చేసినవాళ్ళలో వారానికి వచ్చే దమ్ముల సంఖ్య, వాడే మందుల మోతాదు ఎక్కువగా తగ్గాయి, ఊపిరి విసురు పెరిగింది. 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దాన్ని అచ్చువేసింది. యోగి ఒక్కడు ఏం చేయగలడన్న ప్రశ్న పక్కకు పోయి, మామూలు మనుషులు చేస్తే చేయనివాళ్ళకన్నా ఎంత మేలు అన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

ఆ మేలు ఎట్లా జరుగుతుందో విప్పి చెప్పినవాళ్ళలో ఇటలీ వైద్యుడు లూసియానో బెర్నార్డి ఒకరు. 2001లో ఆయన బృందం 23 మంది ఆరోగ్యవంతుల చేత ఒకసారి క్రైస్తవ జపమాల ప్రార్థన, ఒకసారి ‘ఓం మణి పద్మే’ మంత్రం చదివించింది. రెంటిలోనూ ఊపిరి దానంతటదే నిమిషానికి ఆరుకు దిగింది. మామూలుగా మనం పన్నెండు నుంచి పద్దెనిమిది సార్లు తీస్తాం. మన రక్తపోటు సుమారు పది సెకన్లకు ఒకసారి సహజంగానే లేచి పడుతుంటుంది. ఊపిరి కూడా పది సెకన్లకు ఒకటైతే రెండు అలలూ కలుస్తాయి. ఊయల వెనక్కి వచ్చిన క్షణంలోనే తోస్తే ఎక్కువ ఊగినట్టు, రక్తపోటును సరిచేసే నరాల ఏర్పాటు అప్పుడు బలంగా పనిచేస్తుంది. నెమ్మదిగా వదిలే ఊపిరితో వేగస్ నాడి గుండెకు నిదానం చెబుతుంది. ప్రాణాయామం వెనుక ఉన్న ఈ చిన్న మర్మానికి మతం లేదు.

మనసు సంగతి తేల్చడానికి మెదడు లోపలే చూడవలసి వచ్చింది. 2010లో బోస్టన్‌లో క్రిస్ స్ట్రీటర్ బృందం ఒక గుంపు చేత పన్నెండు వారాలు యోగా చేయించింది, ఇంకో గుంపును అంతే సేపు నడిపించింది. యోగా గుంపులో ఉత్సాహం పెరిగి, ఆదుర్దా ఎక్కువగా తగ్గింది. మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం పెరగడానికీ, మనసు తేలికపడటానికీ పొత్తు కనిపించింది. నడుంనొప్పి విషయంలో ఫలితం ఇంకాస్త నేల మీద ఉంది. దీర్ఘకాలపు నడుంనొప్పికి మందుల కన్నా ముందు ప్రయత్నించవలసిన వాటిలో యోగాను అమెరికా వైద్యుల కాలేజి 2017లో చేర్చింది. అయితే కరెన్ షెర్మన్ బృందం 2011లో 228 మంది మీద చేసిన పరీక్షలో యోగా, ఒళ్ళు సాగదీసే మామూలు వ్యాయామం దాదాపు సమానంగా పనిచేశాయి. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో 3,959 మంది గుండెపోటు రోగులతో జరిగిన పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. యోగా నేర్చినవాళ్ళు మళ్ళీ పనుల్లో పడటం మెరుగైంది. మళ్ళీ గుండెపోటు రావడం, చనిపోవడం తగ్గాయని మాత్రం కచ్చితంగా రుజువు కాలేదు.

మన నేల మీద

ఈ వందేళ్ళలో పాలమూరు, నల్లగొండ మెట్టలు ధ్యానానికి పెద్ద చిరునామాలయ్యాయి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి ఇప్పుడు రంగారెడ్డిలో కలిసిన కాన్హా గ్రామంలో, 1945లో మొదలైన శ్రీరామచంద్ర మిషన్ 75 ఏళ్ళ వేడుకల సందర్భంగా 2020 జనవరి 28న లక్ష మంది కూర్చునే ధ్యానమందిరం తెరుచుకుంది. అదే తీరున జిల్లా మారిన కడ్తాల్‌లో పిరమిడ్ ధ్యానులు కట్టుకున్న మహా పిరమిడ్ ఉంది. నాగార్జునసాగర్ హిల్ కాలనీలో విపశ్యన ధ్యాన కేంద్రం నడుస్తోంది. వచ్చేవాళ్ళ నమ్మకం వాళ్ళది. ఆ నమ్మకంతో పాటు, ఇదే నేల నేర్పిన రెండు పాఠాలు కూడా మనం గుర్తుపెట్టుకోవాలి.

మొదటిది నీళ్ళ పాఠం. నాగరత్న, నాగేంద్రల వ్యాసం కన్నా ముప్పై ఏళ్ళు ముందు, 1955లో అదే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం అచ్చయింది. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వెన్ను కర్రలా బిగుసుకుపోయినవాళ్ళ గురించి అది. ఆ వెన్నును ఏ భుజంగాసనం వంచలేదు, వంచబోవడం ప్రమాదం కూడా. దానికి కావలసింది మంచినీళ్ళు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించింది. దానికి లోకమంతటా నల్లగొండ పద్ధతి అనే పేరు. ఆ తర్వాత పల్లెలకు కృష్ణా నీళ్ళు రావడంతోనే అసలు మార్పు వచ్చింది.

రెండోది మగ్గం పాఠం. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి, నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ ఆసు పోసేది. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. భుజం నొప్పితో ఆమె పడే బాధ చూసి, ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999 నాటికి ఆయన లక్ష్మి ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ భుజానికి ఆసనం చెప్పి ఊరుకుని ఉంటే నొప్పి కొంచెం తగ్గేదేమో, పని మాత్రం అట్లాగే ఉండేది. నొప్పి పుట్టే చోటు ఒంట్లో కాక పనిలో ఉంటే, మార్చవలసింది పనినే.

ఈ రెండు పాఠాలు యోగా విలువను తగ్గించవు, దాని హద్దు చెబుతాయి. గద్వాల, నారాయణపేట, పుట్టపాకల గుంట మగ్గాల మీద రోజంతా వంగి కూర్చునేవాళ్ళకు నడుం సాగదీసే ఆసనాలు ఊరటనిస్తాయి. అప్పులు, ఆశలు మోస్తూ బొంబాయి బస్సెక్కే పాలమూరు కూలీకి, పోటీ పరీక్షల పిల్లలకు నెమ్మది ఊపిరి నిద్రనివ్వగలదు. కూలి రేటును, వానను అది మార్చలేదు.

కాబట్టి చదివేవారికి నా మాట ఇది. గుండెను ఆపే యోగి కోసం వెతకడం మానేశాకే యోగాలోని అసలు మేలు శాస్త్రానికి దొరికింది. మనమూ మహిమ కోసం చూడొద్దు. రోజూ కాసేపు, గట్టిగా బిగబట్టకుండా, నిమిషానికి ఆరు ఊపిరులు తీసి చూడండి. ఒళ్ళు ఒప్పుకున్నంతే వంచండి. గ్లాకోమా ఉంటే శీర్షాసనం వద్దు. ఎముకల జబ్బున్నా, గర్భంతో ఉన్నా ముందు డాక్టరును అడగండి. యోగా మొదలుపెట్టాం కదా అని బీపీ గోలీలు, ఇన్సులిన్, దమ్ము మందులు మీ అంతట మీరు ఆపకండి. ఆపవలసిన రోజు వస్తే ఆ మాట డాక్టరే చెప్పాలి.